ఖాలా సగంలో ఆపిన రాజు కథ

నా చిన్నప్పుడు మా ఇల్లూ, మా నాయన దుకాణమూ ఒకటే. మెదక్‌లో ఖిల్లా కింద సన్నటి గల్లీ మాది. రోడ్డువైపు గది దుకాణం, తెర అవతల మా సంసారం. అన్నం తింటున్నా, చదువుకుంటున్నా, పడుకున్నా కాలి మిషన్ చప్పుడు చెవిలో పడుతూనే ఉండేది. అది ఆగిందంటే నాయన ఎవరివో కొలతలు తీసుకుంటున్నాడనో, బీడీ ముట్టించాడనో, కోపం వచ్చిందనో లెక్క. మూడోదే ఎక్కువ.

మా నాయన దర్జీ. మామూలు దర్జీ కాదు, కత్తిరించడంలో ఆయన తర్వాతే ఎవరైనా. ఎల్దుర్తి నుంచీ, శివ్వంపేట నుంచీ పెండ్లి బట్టలు మూటలు కట్టుకుని మా గల్లీకి వచ్చేవాళ్లు. ఆ పేరు ఆయనకు తలకెక్కిందంటే అబద్ధం కాదు. తాను పట్టిన కుందేటికి మూడే కాళ్లనే మనిషి. ఆయన చెయ్యి ఎన్నడూ తప్పదని ఊరు నమ్మింది, ఊరికంటే ముందు ఆయన నమ్మాడు. వచ్చిన చిక్కంతా అక్కడే.

ఇదంతా ఇప్పుడెందుకు యాదికొచ్చిందంటే, మొన్న మా మనవరాలు ఫోన్‌లో ఏదో మాయల రాజ్యం కథ చదువుతూ నన్ను అడిగింది. అందులో ఒక రాజుకు ముగ్గురు కొడుకులట. ఇద్దరంటే ప్రాణమట, ఒకడు మాత్రం కళ్లబడితే చాలు మండిపోతాడట. "గంత కోపమెందుకుంటది అమ్మమ్మా, వాడేం తప్పు చేసిండు?" అంది. తప్పు చేసిన కొడుకును తండ్రి తిడతాడు, రెండు తగిలిస్తాడు, మళ్లీ అన్నానికి పిలుస్తాడు. ఈ మంట వేరు. వాడు తప్పు చేసి ఉండడే అన్నాను. దానికి నా మాట రుచించలేదు. ఆ పిల్లకు చెప్పలేనిది ఇక్కడ రాస్తున్నాను.

నాకు ఇద్దరన్నలు. పెద్దన్న మెత్తని మనిషి, చెప్పిన పని చేసుకుపోతాడు. చిన్నన్నకు మాత్రం గుడ్డ అంటే పిచ్చి. పదిహేనేళ్లకే గుడ్డను వేళ్ల మధ్య నలిపి ఇది ఉతికితే ఎంత ముడుచుకుంటుందో చెప్పేవాడు. నాయన కత్తిరించే బల్ల పక్కన నిలబడి చూడటం తప్ప వాడికి వేరే ఆట లేదు. ఏదో ఒకరోజు ఆ బల్ల దగ్గర తన చేతికి కూడా కత్తెర వస్తుందని వాడి ఆశ. నాయనకూ వాడంటే లోపల గర్వమే. "గీడు నన్ను మించుతడు" అని పక్కింటి ఖాలాతో అనడం నేను విన్నాను.

ఖాలా అంటే మా గోడకు అవతలి ఇంటావిడ. చొక్కాలకు కాజాలు, అంచులకు తుర్పాయి ఆవిడే కుట్టేది. మా అరుగు మీద ఒళ్లో బట్టల కుప్ప పోసుకుని కూర్చుని, చేయి కుడుతుంటే నోరు కథలు చెప్పేది. ఖాలా అంటే ఉర్దూలో పిన్ని, మా గల్లీ పిల్లలందరికీ ఆవిడ ఖాలానే.

ఆ ఏడు ఎండకాలం పెండ్లిళ్లలో ఒక రైస్ మిల్లు సేటు, కొడుకు పెండ్లికని పట్నం నుంచి మఖ్మల్ గుడ్డ తెచ్చి షేర్వానీ కుట్టమని ఇచ్చాడు. మఖ్మల్‌తో ఒక పేచీ ఉంది. చేత్తో నిమిరితే ఒకవైపు మెత్తగా పడుకుంటుంది, ఎదురు నిమిరితే లేస్తుంది. ముక్కలన్నీ ఒకే వైపుకు ఉండేలా కత్తిరించాలి. ఒక్క ముక్క తలకిందులైనా సరే, వెలుతురులో అదే గుడ్డ రెండు రంగులుగా కనిపిస్తుంది. అది కొత్తగా పని నేర్చేవాళ్లకు కూడా తెలిసిన సంగతే. కానీ ఆ రోజుల్లో దుకాణం నిండా పెండ్లి బట్టలే, కండ్లకు నిద్ర లేదు. ముందు భాగంలో ఒక ముక్క తలకిందులైంది. లాంతరు వెలుగులో కుట్టారు కాబట్టి ఎవరికీ కనబడలేదు.

పెండ్లికి ఇంకా రెండు రోజులున్నాయనగా సేటు ఆ షేర్వానీ పట్టుకుని దుకాణం ముందర దిగాడు. ఎండలో దాన్ని పట్టి చూపించాడు. ఒక సగం ముదురు ఎరుపు, ఒక సగం వెలిసిపోయినట్టు. "గిదేంది మాస్టర్? నా కొడుకు పెండ్లిపిలగాడా, జోకర్‌గాడా?" అని గల్లీ అంతా వినబడేలా అరిచాడు. చుట్టూ జనం పోగయ్యారు. బట్టలు ఇచ్చినవాళ్లు, ఇవ్వబోయేవాళ్లు అందరూ అక్కడే ఉన్నారు. నేను తెర సందులోంచి చూస్తున్నాను. మా నాయన ముఖంలో రక్తం లేదు. షేర్వానీ వంక చూశాడు, జనం వంక చూశాడు, పక్కన నిలబడ్డ చిన్నన్న వంక చూశాడు.

"నేను కొయ్యలే సేటూ. మా చిన్నోడు చెయ్యి పెట్టిండు. నాకు తెల్వకుంట కత్తిరిచ్చిండు" అన్నాడు.

చిన్నన్న తల ఎత్తి నాయనను చూశాడు. తర్వాత తల దించుకున్నాడు. సేటు వాడి చెంప మీద కొట్టాడు. వాడు కాదనలేదు, ఔననలేదు. ఆ మౌనమే ఒప్పుకోలు అనుకున్నాం అందరం. జనం, పాపం మాస్టర్ పేరు ఈ పోరగాడు పోగొట్టాడనుకుంటూ వెళ్లిపోయారు.

మొదట రెండు మూడు రోజులు నాయన వాడిని బాగానే చూసుకున్నాడు. అన్నం దగ్గర తన పక్కన కూర్చోబెట్టుకున్నాడు, అమ్మతో వాడికి పెరుగు ఎక్కువ వేయించాడు. నాకది వింతగానే అనిపించింది. ఆ తర్వాత ఏమైందో ఏమో, వాడు కనబడితే చాలు నాయనకు చిరచిర. వాడి నడక చప్పుడు గిట్టదు, వాడి దగ్గు గిట్టదు. వాడు వచ్చి పీట మీద కూర్చుంటే నాయన సగం కంచంలోనే చెయ్యి కడిగేవాడు. కత్తెర ముట్టనియ్యలేదు, బల్ల దగ్గరికి రానియ్యలేదు. వాకిట్లో బొగ్గుల ఇస్త్రీ పెట్టె అప్పజెప్పాడు. అమ్మ ఒకసారి "పోనియ్యిరాదు, పిల్లగాడు తెల్వక చేసిండు" అంటే, "గా ఒక్క పనితోని నా పేరు మన్నుల కలిపిండు" అని కంచం నెట్టేశాడు. ఆ మాట అన్నప్పుడు ఆయన కండ్లలో నిజంగానే కోపం ఉంది. నటన అయితే నాకు తెలిసిపోయేది. ఆయన తన మాటను తానే నమ్మేసుకున్నాడు.

వానాకాలం గడిచేసరికి ఇంకో మాట బయటికొచ్చింది. తూప్రాన్‌లో తెలిసిన దర్జీ ఒకాయనతో మాట్లాడి పెట్టాడట, దసరా కాగానే చిన్నన్నను అక్కడ పనికి పంపుతాడట. ఆ సాయంత్రం చిన్నన్న నాతో, "నాయిన కింద పని నేర్వకపోతే ఇంకెవల కింద నేరుస్త చెల్లే" అన్నాడు. వాడి గొంతు అట్లా వినడం నాకు అదే మొదటిసారి.

దసరా ముందు దర్జీల ఇండ్లల్లో పండుగ ఉండదు, పనే ఉంటుంది. ఒక సాయంత్రం, చర్చి గంట కొట్టిన కాసేపటికి, ఖాలా అరుగు మీద కాజాలు కుడుతూ కూర్చుంది. మేము పిల్లలం ఆవిడ చుట్టూ ఉన్నాం. దుకాణంలో నాయన మిషన్ తొక్కుతున్నాడు. చిన్నన్న వాకిట్లో ఇస్త్రీ పెట్టెలో బొగ్గులకు విసనకర్రతో విసురుతున్నాడు. ఖాలా కథ మొదలుపెట్టింది. ఎప్పుడూ మెల్లగా చెప్పే మనిషి ఆ రోజు గొంతు కొంచెం పెంచింది.

ఏడు గుట్టల అవతల ఒక రాజు, ఆ రాజుకు ఇద్దరు కొడుకులు. పెద్దవాడు పట్టుపరుపు మీద, చిన్నవాడు గుర్రాల సావిట్లో. చిన్నవాడిది కుడిచెయ్యి కట్టె చెయ్యి. వాడు ఎదురుపడితే రాజు ముఖం తిప్పుకుంటాడు. ఎందుకో చెప్పమని మమ్మల్నే అడిగింది. సవతి తల్లి చాడీలు చెప్పిందని ఒకరన్నారు, చెడు నక్షత్రంలో పుట్టాడని ఒకరన్నారు. చెయ్యి కట్టెదని అసహ్యమేమో అని నేనన్నాను. ఖాలా అన్నిటికీ తల అడ్డంగా ఊపింది.

ఆ రాజ్యంలో ఒక దీపపిట్ట ఉండేదట. పిచ్చుకంత పిట్ట, రెక్క విప్పితే కోట అంతా వెలుగు. అది ఉన్నన్నాళ్లూ బావులు ఎండవు. అడవితల్లి దాన్ని రాజును నమ్మి ఇచ్చింది. పంజరం తాళంచెవి రాజు మొలతాడుకే ఉండేది. ఒకనాడు రాజు వేట తొందరలో గింజలు వేసి తలుపు వేయడం మరిచిపోయాడు. పిట్ట ఎగిరిపోయింది. బావులు ఎండాయి. జనమంతా కోట ముందరికొచ్చారు, వాళ్ల ముందు అడవితల్లి వచ్చి నిలబడింది. నా పిట్టను వదిలినవాడి చెయ్యి కట్టె అవుతుంది, ఎవడో చెప్పు అంది. రాజు తన చెయ్యి చూసుకున్నాడు. పక్కన నిలబడ్డ చిన్న కొడుకును చూపించాడు. తాళంచెవి ఎవరి దగ్గర ఉంటుందో ఆ పిల్లవాడికి తెలుసు. అయినా నోరు తెరవలేదు, చెయ్యి చాపాడు.

మొదట్లో రాజుకు జాలి వేసిందట. తన చేత్తో అన్నం కలిపి పెట్టాడట. కానీ ఆ కట్టె చెయ్యి కంచానికి తగిలి టక్కుమన్నప్పుడల్లా రాజుకు ముద్ద దిగదు. అందుకని దూరం కూర్చోమన్నాడు. తర్వాత సావిట్లో తినమన్నాడు. అడిగినవాళ్లకల్లా వీడే పిట్టను వదిలాడని చెప్పి చెప్పి, చివరికి అదే నిజమని రాజుకే నమ్మకం కుదిరింది.

ఇక్కడికి వచ్చేసరికి ఖాలా సూది ఆపింది. "గా పిలగాడు ఒక్కసారి, 'నువ్వే గద నాయినా' అని ఒర్లితే రాజు బతికిపోతుండె. ఇద్దరు తిట్టుకొని, ఇద్దరు ఏడ్సి, ఊకుంటుండ్రి. వాడు ఒర్లలే. చేసిన తప్పు కండ్ల ముందట కాళ్లొచ్చి తిరుగుతుంటే ఎవలికి మంచిగనిపిస్తది బిడ్డా? కొడుకు మీద కోపం కాదది. తన మీద తనకే కోపం, పెట్టుకోను జాగ లేక కొడుకు మీద పెట్టిండు."

దుకాణంలో మిషన్ ఆగిపోయింది. అది కొలతలకు ఆగినది కాదు, బీడీకి ఆగినది కాదు. ఇప్పుడు అరుస్తాడనుకున్నాను. అరవలేదు. వాకిట్లో చిన్నన్న విసనకర్ర పక్కన పెట్టి ఇంటి వెనక్కి వెళ్లిపోయాడు.

తర్వాతేమైంది ఖాలా అని మేమంతా ఎగబడ్డాం. ఆవిడ దారం కొరికి, చొక్కా మడిచింది. "తర్వాత నాకు తెల్వది. మా అమ్మ గింతవరకే చెప్పింది. ఇగ రాజే చెప్పాలె" అంది.

మర్నాడు దారపు రీళ్లు ఇవ్వడానికి వెళ్లి, ఆ రాజు మా నాయనేనా అని అడిగేశాను. ఆవిడ నా నోటి మీద చెయ్యి పెట్టింది. "గా మఖ్మల్ కత్తిరిచ్చిన మజ్జానం మీ చిన్నన్న యాడున్నడో యాదికి తెచ్చుకో" అంది. అప్పుడు తట్టింది నాకు. ఆ మధ్యాహ్నం వాడు ఖాలా ఇంట్లోనే ఉన్నాడు. కాజాలు నేర్పమని ఆవిడ పక్కన కూర్చున్నాడు, నేను వాళ్లిద్దరికీ సూదుల్లో దారం ఎక్కించాను. అంత ఎదురుగా ఉన్న సంగతిని నెలల తరబడి ఎవరం తలవలేదు. మరి ఆ రోజే నలుగురిలో చెప్పలేదేమని అడిగాను. "నలుగుట్ల చెప్తే మీ నాయిన ఇజ్జత్ పోతది. ఇజ్జత్ పోయినోడు పోరన్ని ఇంకింత కసురుకుంటడు. కథల చెప్తే తనకు తానే ఎతుక్కుంటడు" అంది. ఇప్పటికీ ఆవిడ తెలివికి దండం పెడతాను.

నాయన వెతుక్కున్నాడు. ఆ సంగతి మాకు తెలుస్తూనే ఉంది. చిన్నన్న వచ్చి పీట మీద కూర్చుంటే లేవడం మానేశాడు. కసురుకోవడం మానేశాడు. కానీ తూప్రాన్ ప్రయాణం మాత్రం ఆపలేదు. ఆ ఒక్క మాట చెప్తాడా, వాడిని ఉండమంటాడా అని నేనూ ఖాలా చూస్తూ ఉన్నాం.

దసరా రోజు పొద్దున మిషన్‌కూ కత్తెరకూ కుంకుమ పెట్టాం. సాయంత్రం మగవాళ్లు జమ్మి ఆకు తెచ్చారు. మా దగ్గర పిల్లలు ఆ ఆకును బంగారమని పెద్దల చేతిలో పెట్టి కాళ్లు మొక్కుతారు, పెద్దలు అలాయ్ బలాయ్ అని గుండెకు హత్తుకుంటారు. ఎంత పగ ఉన్నా ఆ రోజు మాట కలుపుకోవచ్చు, అందులో చిన్నతనం లేదు. పెద్దన్న మొక్కాడు. నాయన హత్తుకున్నాడు. తర్వాత చిన్నన్న వంగి ఆకు చేతిలో పెట్టాడు. నాయన ఆకుతో పాటు వాడి వేళ్లను కూడా పట్టుకున్నాడు. వదల్లేదు. పెదవులు కదిలాయి. అమ్మ గుమ్మంలో నిలబడి చూస్తోంది.

"బట్టలు సదురుకున్నవా?" అన్నాడు నాయన.

"సదురుకున్న నాయినా" అన్నాడు చిన్నన్న. అంతలో గల్లీవాళ్లు బంగారం పట్టుకుని బిలబిలా వచ్చేశారు.

మర్నాడు పొద్దున బస్సు. చిన్నన్న సంచి భుజానికి వేసుకుని దుకాణంలోకి వచ్చేసరికి నాయన తన పెద్ద కత్తెరను తీసి బల్ల మీద పెట్టాడు. ఆయన చేతిలో తప్ప ఇంకెవరి చేతిలోనూ మేము చూడని కత్తెర అది. చేతిలోంచి చేతికి కత్తెర ఇస్తే తగువులు వస్తాయని మా వాళ్ల నమ్మకం, అందుకే బల్ల మీద పెట్టాడు. "తీస్కపో" అని లోపలికి వెళ్లిపోయాడు. చిన్నన్న దాన్ని చాలాసేపు చూశాడు. కండ్లకు అద్దుకుని సంచిలో పెట్టుకున్నాడు. నాకు ఎగిరి గంతేయాలనిపించింది. పరుగెత్తుకెళ్లి ఖాలాకు చెప్పాను, నాయన తన కత్తెర ఇచ్చేశాడని.

"చెప్పిండా?" అంది ఆవిడ.

"కత్తెర ఇచ్చిండు ఖాలా."

"ఇచ్చిండు సరే బిడ్డా. చెప్పిండా?"

చిన్నన్న తూప్రాన్‌లోనే పని పట్టుకున్నాడు, అక్కడే పెండ్లి చేసుకున్నాడు, అక్కడే సొంత దుకాణం పెట్టాడు. పండుగలకు చుట్టంలా వచ్చేవాడు. పొద్దున బస్సుకు వచ్చి, అన్నం తిని, సాయంత్రం బస్సుకు పోయేవాడు. నాయన మెత్తబడిపోయాడు. వాడు వస్తాడంటే ఆ రోజు మిషన్ ఎక్కేవాడు కాదు. వాడు వచ్చాక మాత్రం వానల గురించీ, దారం ధర గురించీ మాట్లాడుకునేవాళ్లు. ఇద్దరూ మర్యాదగా, ఎవరో పరాయివాళ్లలా. అట్లా ఏండ్లకేండ్లు గడిచాయి. ఒక మాఘమాసంలో నాయన పోయాడు. ఖాలా అంతకుముందే పోయింది.

నాయన దినాలు అయిన మధ్యాహ్నం చుట్టాలందరూ వెళ్లిపోయాక మేము నలుగురమే మిగిలాం. అమ్మ గోడకు ఆనుకుని కూర్చుని ఎవరితోనూ కానట్టు అంది. "నీకు కత్తెర ఇచ్చిన నాడే ఆయన నీ కాళ్లు పట్టుకున్నట్టు బిడ్డా. షేర్వానీ తప్పు తనదేనని నాకు ఆ పొద్దే చెప్పి ఏడ్సిండు. కత్తెర ఇచ్చిన గదనే, సమజైతది, తిరిగొస్తడు అన్నడు. నేను గూడ గదే నమ్మి నీతోని అనకపోతి. రేపొస్తవు ఎల్లుండొస్తవు అనుకుంటనే సచ్చిపోయిండు."

చిన్నన్న అమ్మ ముందుకు జరిగి కూర్చున్నాడు. వాడికి అప్పటికే జుట్టు నెరిసింది. మా దర్జీలలో తండ్రి తన కత్తెర కొడుక్కి ఇచ్చాడంటే వేరుపెట్టినట్టు. నీ పని నీది, నా పని నాది అని. ఆ సంగతి నాయనకు తెలియనిది కాదు. కానీ ఆ పొద్దున ఆయన మనసులో క్షమాపణ తప్ప ఇంకొకటి లేదు, కొడుకు మనసులో తనను పంపించేస్తున్నారన్న బాధ తప్ప ఇంకొకటి లేదు.

"వేరు పెట్టిండనుకున్న అమ్మా" అన్నాడు చిన్నన్న. "నీ వాటా నీకిచ్చిన, ఇగ నా గడప తొక్కకు అన్నట్టు అనుకున్న. గా ఒక్క మాట నోటితోని అంటే, తూప్రాన్ నుంచి నడుసుకుంట వస్తుంటి."

వాడు చిన్నపిల్లవాడిలా వెక్కి వెక్కి ఏడ్చాడు. సేటు కొట్టిన రోజు ఏడవనివాడు.

అప్పటి నుంచి నాకొక అలవాటైంది. ఎవరి మీదైనా కారణం లేని చిరచిర పుడితే, వాళ్ల తప్పులు వెతకడం ఆపి, నాకోసం వీళ్లు ఏం మోశారా అని వెనక్కి చూసుకుంటాను. తొంభై పాళ్లు అక్కడే దొరుకుతుంది. మొన్న వానాకాలంలో మా చిన్నకోడలు ఏం చేసినా నాకు గిట్టకుండా పోయింది. వారం రోజులు సతాయించాను. తర్వాత గుర్తొచ్చింది. గ్యాస్ పొయ్యి ఆర్పకుండా నేను పడుకుంటే, గిన్నె మాడి ఇల్లంతా పొగ కమ్మితే, మా వాడు ఇంటికొచ్చి గొడవ చేస్తుంటే ఆ పిల్ల 'నేనే మర్చిపోయిన' అంది. నేను పక్కనే ఉండి ఊరుకున్నాను.

ఆ పూటే అందరూ అన్నానికి కూర్చున్నప్పుడు చెప్పాను. పొయ్యి ఆర్పనిది నేను, కోడలు కాదు అని. "పోనీయండ్రి అత్తమ్మా, గిప్పుడెందుకు" అంది ఆ పిల్ల. కాదు, పూర్తిగా విను అన్నాను. ముద్ద చేతిలోనే ఉండిపోయింది. మాడిన గిన్నె కోసం ఇంత అవస్థ అయితే, పాపం మా నాయన ఎంత నలిగిపోయి ఉంటాడో అనుకున్నాను. అయినా సరే, ఆయన చెప్పి ఉండాల్సింది.